పిడికెడు బియ్యము – మన సంఘాల కృతజ్ఞతా చరిత్ర



శతవార్షికోత్సవ జ్ఞాపక సంచిక అనగానే బిషప్పుల పేర్లు, దేవాలయాల ప్రతిష్ఠ తేదీలు, పాఠశాలల, ఆసుపత్రుల వివరాలు ముందుగా గుర్తుకు వస్తాయి. అవి వ్రాయవలసినవే. వాటిని వ్రాయడానికి నాకంటె యోగ్యులు ఈ సంచికలో ఉన్నారు. నేను మాత్రం ఏ శిలాఫలకం మీదా చెక్కబడని ఒక చిన్న వస్తువును గూర్చి వ్రాయదలచాను. అది మా నాయనమ్మ పొయ్యి ప్రక్కన, గోడగూటిలో ఉండే మట్టి ముంత. దానిని ఆమె ‘దేవుని ముంత’ అనేది. పూట పూటకు ఎసట్లో బియ్యం పోసే ముందు, కొలిచిన బియ్యంలో నుండి ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేసేది. వేసేటప్పుడు ఆమె పెదవులు కదిలేవి. ఏమంటున్నదో మాకు వినబడేది కాదు.

ఆదివారం నాడు ఆ బియ్యం గుడికి వెళ్ళేది. సంఘంలోని ఇండ్లన్నిటి నుండి అలాగే వచ్చేది. కృతజ్ఞత అనే మాటను మనం ప్రార్థనలలో తరచుగా పలుకుతాము. మన పెద్దలు దానిని పలకడమే కాక ప్రతిరోజూ చేతితో కొలిచారు. ఆ కొలత ఎక్కడి నుండి వచ్చింది, మనలను ఎలా నిలబెట్టింది, ఇప్పుడు ఎక్కడున్నది అన్నదే ఈ వ్యాసం.

గంపతో పాటు చరిత్ర

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం ఒకసారి తెరచి చూడండి. ఇశ్రాయేలీయుడు తన పొలములోని ప్రథమ ఫలాలను గంపలో పెట్టుకొని యాజకుని యొద్దకు తేవాలి. గంప దించి ఊరకే వెళ్ళిపోకూడదు. బలిపీఠము ఎదుట నిలిచి తన కుటుంబ చరిత్ర చెప్పాలి. తన పితరుడు దిక్కులేక తిరిగినవాడనీ, ఐగుప్తులో తాము దాసులై బాధపడితిమనీ, దేవుడు తమను విడిపించి ఈ నేలకు తెచ్చెననీ నోటితో ఒప్పుకోవాలి. ఆ తరువాత తన ఇంటివారితో, లేవీయునితో, తమ మధ్యనున్న పరదేశితో కలిసి సంతోషించాలి.

ఇందులో మూడు సంగతులున్నాయి. మొదటిది, కృతజ్ఞతకు జ్ఞాపకం కావాలి. నిన్న ఎక్కడున్నామో మరచినవాడు నేటి అన్నానికి స్తోత్రం చెప్పలేడు. రెండవది, అది చేతిలో గంపగా కనబడాలి. మూడవది, అది పొలములేని లేవీయునికీ, దిక్కులేని పరదేశికీ భోజనంగా చేరాలి. లూకా సువార్త 17వ అధ్యాయంలో స్వస్థత పొందిన పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చినవాడు ఒక్కడే. అతడు సమరయుడు, అంటే అందరూ చిన్నచూపు చూసిన జాతివాడు. మన సంఘాల చరిత్ర తెలిసినవారికి ఆ సంగతి కొత్తగా తోచదు.

ప్రభుభోజన సంస్కారానికి గ్రీకు భాషలో ఉన్న యూకరిస్టియా అనే పేరుకు అర్థం కృతజ్ఞతా స్తుతి అనే కదా! సంఘం పుట్టిననాటి నుండి రొట్టె విరుచుట, కృతజ్ఞత చెల్లించుట ఒక్కటిగానే ఉన్నవి.

గుమ్మము నుండి గుడికి

ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతపు మార్వెన్‌స్టో అనే గ్రామంలో 1843వ సంవత్సరమున రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే గురువు, కోతల తరువాత తన సంఘస్థులను ప్రత్యేకమైన స్తుతి ఆరాధనకు పిలిచాడు. నేటి కోత పండుగ ఆరాధనలకు దానిని ఆరంభంగా చెప్పుకుంటారు. మిషనరీల ద్వారా ఆ ఆచారం మన దేశానికి వచ్చింది. అక్కడ అది శరత్కాలపు పండుగ. ఇక్కడ మాత్రం వరి కోతలు, నూర్పిళ్ళు ముగిసి గింజ ఇంటికి చేరిన తరువాత ఆయా సంఘాలు తమ వీలునుబట్టి జరుపుకుంటూ వచ్చాయి. గోధుమ పనల స్థానంలో వరి కంకులు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, కోడిగ్రుడ్లు, చెరకు గడలు గుడి నిండా చేరాయి. ఆరాధన ముగిశాక వేలంపాట. పది పైసల గ్రుడ్డును ఒకరు పాడి, మళ్ళీ గుడికే ఇచ్చివేస్తే, మరొకరు పాడి, సాయంత్రానికి అదే గ్రుడ్డు పది రూపాయలు తెచ్చిపెట్టడం మనలో చాలామందికి తెలిసిన వినోదమే.

అయితే కోత పండుగ ఏటికి ఒక్కసారి. పిడికెడు బియ్యం దినదినమూ జరిగేది. దీనికి మూలం వెదకడానికి కార్న్‌వాల్ దాకా పోనక్కరలేదు. సంక్రాంతి నెలలో గుమ్మం ముందుకు వచ్చే హరిదాసుకు, జంగమయ్యకు తెలుగు ఇల్లాలు పిడికెడు బియ్యం పెట్టి పంపడం ఎంత పాతదో ఎవరు చెప్పగలరు? చెయ్యి అదే, బియ్యం అదే. కేరళ క్రైస్తవ స్త్రీలు దీనినే ‘పిడియరి’ అన్నారు. 1894లో సువార్త అందుకున్న మిజో కొండలలో 1910 ప్రాంతమున మొదలైన ఇదే ఆచారం, నేటికీ అక్కడి సంఘాల సేవకు పెద్ద ఆధారంగా నిలిచి ఉన్నది. ఇది ఒక ఊరి సొత్తు కాదు. అన్నం వండుకునే జనులందరికీ తోచిన స్తోత్రం.

‘గింజలకు కలిసినవారు’

ఇక ఒక బాధాకరమైన మాట చెప్పక తప్పదు. మన తాత ముత్తాతలను లోకం ఏమన్నది? “గుప్పెడు గింజలకు కలిసినవారు” అన్నది. ఈ నింద నా చిన్నతనంలో బడిలో నేనే విన్నాను. జవాబు తెలియక ఇంటికి వచ్చి ఏడ్చాను.

దీనికి జవాబు చరిత్రలో ఉన్నది. 1876–78 నాటి గొప్ప కరువులో దక్షిణ దేశమంతా అల్లాడిపోయింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టుగా తీసుకొని వేలమందికి కూలి కల్పించారు. ఆ దినాలలో బాప్తిస్మము కోరినవారు ఎందరో ఉన్నారు. కాని ఆయన ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మమియ్యలేదు. కడుపు కొరకు వచ్చినారన్న మాట రాకూడదని ఆయన భయం. కరువు తీరి, కూలిపని ముగిసి, ఇచ్చేందుకు తన చేతిలో ఏమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం రావడం మానలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వేలంపల్లి వద్ద, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. అది మన శాఖ కాకపోయినా తెలుగు క్రైస్తవులందరి చరిత్ర.

నిందకు ఇది ఒక జవాబు. అయితే రెండవ జవాబు ఇంకా పెద్దదని నా అభిప్రాయం. అది దేవుని ముంతలో ఉన్నది. గింజల కోసం వచ్చినారని లోకం ఎవరిని అన్నదో, వారే ప్రతి పూటా తమ గింజలలో నుండి తీసి ఇచ్చారు. వారి గింజలు ఎటువంటివో కూడా తలచుకోవాలి. పాలేరుతనపు జీతం గింజలు, కళ్ళంలో దొరికిన మేర, కోసిన చేలలో స్త్రీలు ఏరుకున్న పరిగె. మోయాబీయురాలైన రూతు ఏరుకున్నది కూడా పరిగెయే.

మరొక సంగతి. నైజాము పాలనలోని పల్లెలలో మనవారు వెట్టి చేసినవారు. దొర గడి ముందు “నీ కాల్మొక్కుత బాంచెను” అని పలికినవారు. దొర పెట్టిన గింజకు జీవితమంతా అణిగి ఉండడమే వారికి నేర్పబడిన ‘కృతజ్ఞత’. ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అని దానికి మంచి పేరొకటి! అటువంటి మనుష్యుడు గుడిలో బలిపీఠము ముందు నిలిచి తన పిడికెడు బియ్యాన్ని తన చేతితో తానే అర్పించిన దినమున అతనిలో ఏమి మారిందో ఆలోచించండి. ఎప్పుడూ చెయ్యి చాచినవాడు మొదటిసారి చెయ్యి పైన పెట్టాడు. దొరకు చెల్లించే కృతజ్ఞత అతని నడుమును వంచింది. దేవునికి చెల్లించిన కృతజ్ఞత అతనిని నిటారుగా నిలబెట్టింది. మన సంఘాల చరిత్రలో ఇంతకంటె గొప్ప సంఘటన నాకు కనబడదు.

అజరయ్య బిషప్పుగారి పట్టుదల

ఈ సంగతిని బాగా గ్రహించినవారు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై గ్రామంలో గురువుగారి కుమారుడుగా జన్మించారు. 1903లో స్థాపించబడిన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీకి ఆయన మూలపురుషులలో ఒకరు. భారతీయుల ధనముతో, భారతీయుల చేతనే సువార్త సేవ జరగాలన్నది ఆ సంఘపు నియమం. ఆ సొసైటీ పంపిన సేవకులే మన తెలుగు నేలలో డోర్నకల్ ప్రాంతానికి వచ్చారు. తాళ్ళెక్కి బ్రతికేవారెందరో ఉన్న తిరునెల్వేలి సంఘాలు తమకు లభించిన సువార్తకు కృతజ్ఞతగా ఇచ్చిన కానుకలవి. అంటే మన వద్దకు వచ్చిన సువార్త కూడా ఎవరో పేదలు పొదుపుచేసి ఇచ్చిన దానిలో నుండే వచ్చింది.

అజరయ్యగారు 1909లో తానే మిషనరీగా డోర్నకల్ చేరారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో బిషప్పుగా అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. ఆయన మందలో అత్యధికులు భూమిలేని నిరుపేదలు. “ఇంత పేదవారిని కానుక అడగడం న్యాయమా?” అని సందేహించినవారు ఆనాడు లేకపోలేదు. ఆ సందేహంలో జాలి ఉన్నది, కాదనలేము. కాని పేదవానిని ఇయ్యనవసరం లేదని ప్రక్కన కూర్చోబెట్టడమంటే అతనిని ఎప్పటికీ పుచ్చుకొనేవానిగానే ఉంచడమని బిషప్పుగారి భావం. ఇచ్చుట ఆరాధనలో భాగమని, ఆ భాగం పేదలకు కూడా చెందినదని ఆయన బోధించారు. 2 కొరింథీ 8వ అధ్యాయంలోని మాసిదోనియ సంఘములు నిరుపేదతనంలో ఉండి కూడా యెరూషలేము పరిశుద్ధుల కొరకు ఇచ్చే భాగ్యం తమకు కావాలని బ్రతిమాలుకున్నవి గదా. క్రైస్తవ దానమును గూర్చి ఆయన ఇంగ్లీషులో వ్రాసిన ‘క్రిస్టియన్ గివింగ్’ అనే చిన్న పుస్తకం ఆయన మరణానంతరం, 1950లలో, విదేశాలలో కూడా తిరిగి అచ్చయింది. పుచ్చుకొనే సంఘం వ్రాసిన పుస్తకం నుండి ఇచ్చే సంఘాలు పాఠం నేర్చుకున్నాయన్నమాట.

1930 తరువాత లోకమంతటా ఆర్థిక మాంద్యము రాగా విదేశీ సొమ్ము తగ్గింది. ఆ కాలంలో పల్లెలలోని ఉపదేశకులను నిలబెట్టినవాటిలో ఈ ముంతల బియ్యం కూడా ఉన్నది. లెక్క వేసి చూడండి. పిడికెడు ముప్పై గ్రాములనుకున్నా, రోజుకు రెండు పూటల చొప్పున నెలకు అరవై పిడికిళ్ళు, అంటే ఒక ఇంటికి సుమారు రెండు కిలోలు. యాభై ఇండ్ల సంఘంలో నెలకు క్వింటాలుకు దగ్గర. ఉపదేశి ఇంటిల్లిపాదీ తిని, వచ్చిన అతిథికి పెట్టి, కొంత మిగిల్చి అమ్మి దీపానికి నూనె కొనవచ్చు.

డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. 1924 క్రిస్మస్ దినమున ప్రతిష్ఠింపబడిన మెదకు కథీడ్రల్, పాస్నెట్ దొరగారి కాలంలో కరువుపనుల మధ్య లేచిన కట్టడం. 2024లో దానికి నూరేండ్లు నిండాయి. వీటిని చూచి మనం తల ఎత్తుకుంటాము. ఎత్తుకోవలసిందే. కాని ఆ గోపురాల క్రింద చేరిన జనమును నూరేండ్లు నిలిపినవి పొయ్యిల ప్రక్కనున్న ముంతలు. అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆ ముంతలు కూడా మనతో పాటు వచ్చాయి.

1972

పుస్తకాల సంగతి చాలించి, నేను కళ్ళారా చూచినది చెబుతాను. 1972లో వానలు మొగం చాటేశాయి. మాది మునేరుకు దాపునున్న చిన్న పల్లె. అప్పటికి నాకు పదేండ్లు. మా నాయన జబ్బుపడి మంచం పట్టాడు. కూలి లేదు. నాయనమ్మ జొన్న సంకటి చేసినన్నాళ్ళు ముంతలో జొన్నలే వేసింది. ఒక వారం అదికూడా లేదు. ముంత బోర్లించి పెట్టింది.

ఆదివారం గుడికి పోలేదు. ఖాళీ చేతులతో ఎలా పోతానన్నది. ఆ సాయంత్రం అమ్మగారు, అంటే మా గురువుగారి భార్య, మరి ఇద్దరు స్త్రీలు ఒక సంచి తెచ్చి మా గడపలో పెట్టారు. మూడు మానికల బియ్యం. తెల్లవి, దొడ్డువి, నూకలు, రకరకాలుగా కలిసి ఉన్నాయి. చూడగానే అర్థమైంది, అవి ముంతల బియ్యం.

నాయనమ్మ వాటిని ముట్టలేదు. “అవి దేవుని బియ్యం అమ్మగారూ, నేను తినకూడదు” అన్నది.

అమ్మగారు గడపలోనే కూర్చుండి, “పెద్దమ్మా, ఇన్నేండ్లు నువ్వు వేసిన బియ్యం ఎవరు తిన్నారనుకున్నావు? నీలాంటివాళ్ళే తిన్నారు. అప్పుడు అవి దేవుని బియ్యం కాలేదా?” అన్నారు.

నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, బోర్లించిన ముంతను తిప్పి, తుడిచింది. సంచిలోని బియ్యం ఒక సోల కొలిచింది. ఎసరు పెట్టింది. బియ్యం ఎసట్లో పోసే ముందు, అందులో నుండి ఒక పిడికెడు తీసి ముంతలో వేసింది. నేను ఆకలితో ఉన్నాను గనుక నాకు కోపం వచ్చింది. “మనకిచ్చినయ్యి కూడా మళ్ళా ఇస్తావా?” అని అరిచాను. “ఇయ్యకపోతే ఇవి ముష్టి బియ్యమౌతాయిరా నాయనా” అన్నది.

ఆ మాట అర్థం కావడానికి నాకు ముప్పై ఏండ్లు పట్టింది.

ముంత పోయి కవరు వచ్చె

ఆ తరువాత కాలం మారింది. గింజల కూలి పోయి రొక్కం కూలి వచ్చింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం మన రాష్ట్రంలో ప్రారంభమై పేద ఇండ్లలో వరి అన్నం నిత్యమైంది. అందుకు దేవునికి స్తోత్రం. మన పిల్లలు చదువుకొని ఉద్యోగాలకు పోయారు. ముంత స్థానంలో కానుక కవరు వచ్చింది. ఇప్పుడు సెల్‌ఫోనులోనే కానుక పంపుతున్నారు. ఇందులో తప్పేమీ లేదు. లెక్క సరిగా ఉంటుంది, దూరాన ఉన్నవారు కూడా తమ సంఘాన్ని మరువకుండా పంపగలుగుతున్నారు.

కాని ఒక నష్టం కలిగింది. ముంత దినమునకు రెండుసార్లు మనకు జ్ఞాపకం చేసేది. కవరు నెలకు ఒక్కసారి. ముంతకు పేరు లేదు. కవరు మీద పేరుంది, అంకె ఉంది. ఒక కోత పండుగనాడు కానుకల జాబితాను పెద్ద మొత్తము మొదలుకొని చిన్న మొత్తము వరకు చదవగా విన్నాను. బియ్యం తెచ్చిన విధవరాండ్ర పేర్లు ఆ జాబితాలో చేరనే లేదు. అది ఏ సంఘమో చెప్పను. చదివినవారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ దినమున నా పేరు పైవరుసలో వినబడినప్పుడు సంతోషించినవాడను నేనే. ఆ రాత్రి నాయనమ్మ ముంత గుర్తుకు వచ్చి నిద్ర పట్టలేదు.

మన చేతిలో ఉన్నది

నూరేండ్ల పండుగనాడు మనం ఏమి చేయగలము? మళ్ళీ మట్టి ముంతలు కొనమని నేను చెప్పను. చెయ్యి చేసే పనిని మాత్రం విడువవద్దని మనవి చేస్తున్నాను. వంటింట్లో ఒక డబ్బా పెట్టి, అన్నం వండినప్పుడెల్లా పిడికెడు బియ్యమో, ఒక నాణెమో వేయవచ్చును. ఆ వేసే పని ఇంట్లో చిన్నపిల్లల చేత చేయిస్తే మరీ మంచిది. నెలాఖరుకు అది గుడికి పోవచ్చును, లేదా వీధి చివర మంచం పట్టిన ముసలివాని ఇంటికి పోవచ్చును. భోజనానికి ముందు ప్రార్థనలో ‘ఈ ఆహారమునకై స్తోత్రము’ అని ఊరుకొనక, దానిని పండించిన చేతిని, వండిన చేతిని కూడా తలచుకోవచ్చును. ద్వితీయోపదేశకాండములోని ఆ గంప మోసినవానివలె, ఏడాదికి ఒక్కసారియైనా పిల్లలను కూర్చుండబెట్టి మన పెద్దలు ఎక్కడ నుండి వచ్చారో, ఏమి తిన్నారో, ఎవరి ముందు వంగారో, ఎప్పుడు లేచి నిలబడ్డారో చెప్పవచ్చును. కొందరికి ఆ కథ చెప్పుకోవడం సిగ్గుగా ఉన్నది. సిగ్గుపడవలసినది మనము కాదు.

చిన్నతనంలో బడిలో విన్న నిందకు జవాబు దొరకక ఏడ్చిన ఆ పిల్లవాడు నేడు తాత అయినాడు. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే చెప్పడానికి నా దగ్గర జవాబున్నది. అవునయ్యా, మేము గింజలు పుచ్చుకున్నవారమే. పుచ్చుకున్న ప్రతిసారీ ఒక పిడికెడు తీసి ఇచ్చినవారము కూడా మేమే. మా ఉపదేశులు, మా బడులు, మా గుళ్ళు ఆ పిడికిళ్ళతో నిలిచినవి.

నాయనమ్మ కన్నుమూసిన నాడు ఇల్లు సర్దుతుంటే గోడగూటిలో ముంత దొరికింది. అందులో సోలెడు బియ్యం ఉన్నాయి. ఆ ఆదివారం మా నాయన వాటిని గుడికి తీసుకొని పోయి ఇచ్చి వచ్చాడు.

రాబోవు నూరేండ్లలో కూడా మన ఇండ్ల పొయ్యిలు వెలుగుచుండును గాక, మన పిడికిళ్ళు తెరచి యుండును గాక. మహిమ దేవునికే.